కొబ్బరిచెట్టుకు మోటారు ఎవరు పెట్టారు?

ఆన్‌లైన్ పాఠాల్లో పాఠం ఉండదని కొందరు గొణుగుతుంటారు. అదేగా వాటి గొప్పతనం! పాఠం వెంటనే దొరికిపోతే టీచర్లకు ఓర్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? నమ్మకం కుదరకపోతే, రేపల్లె దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే ఫ్లోరెన్స్ టీచరు సంగతి వినండి.

ఒక శుక్రవారం ఎనిమిదో తరగతిలో లిఖిత లేచి నిలబడింది.

"టీచర్, మా మేడమీద ట్యాంకులోకి మోటారు వేస్తేగానీ నీళ్ళెక్కవండి. కొబ్బరిచెట్టు మా మేడకి రెండింతలుంది. దానికి కరెంటు లేదు కదండీ, నీళ్ళు పైకెలా వెళ్తన్నాయి?"

క్లాసంతా నవ్వింది. ఫ్లోరెన్స్ నవ్వలేదు. పదహారేళ్ళ సర్వీసులో మార్కుల కోసం కాకుండా అడిగిన మొదటి ప్రశ్న అది. ఆ సంతోషం వెనకే బెరుకూ వచ్చింది. వేర్లు నీటిని పీలుస్తాయని పుస్తకంలో ఉంది. సరే, పీల్చాయి. అంత ఎత్తుకి మోసేదెవరు? చదువుకున్నప్పుడు బట్టీపట్టిన మాటలు గుర్తున్నాయిగానీ, పిల్లకు చెప్పేంత స్పష్టంగా లేవు.

"సోమవారం చెబుతానమ్మా" అని మాటిచ్చేసింది.

శనివారం పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఫోను ముందు కూర్చుంది. మొదటి వీడియోలో ఒకాయన "హాయ్ ఫ్రెండ్స్" అన్నాడు. లైక్ కొట్టమన్నాడు. గంట నొక్కమన్నాడు. తన ఛానెల్‌కు లక్షమంది చేరినందుకు కేకు కోశాడు. తొమ్మిదో నిమిషంలో "చెట్టు" అన్నాడు. పదో నిమిషంలో "మిగతాది పార్ట్ టూలో" అన్నాడు. పార్ట్ టూ ఇంకా తీయలేదు!

రెండోది ఇంగ్లీషు పాఠానికి మిషను చేసిన తెలుగు. అందులో ప్లాంటు అన్నచోటల్లా కర్మాగారం వచ్చింది. "కర్మాగారం తన ఆకుల ద్వారా చెమట పట్టును" అని ఒక ఆడగొంతు గంభీరంగా పలికింది. ఇంతటి పారిశ్రామిక ప్రగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉందా?

మూడోది టీచర్ల శిక్షణ యాప్. పేరు, ఉద్యోగి నంబరు, ఓటీపీ, సెల్ఫీ ఇచ్చాక పెద్దల సందేశాలు మొదలయ్యాయి. ఫ్లోరెన్స్ వంటింట్లోకి వెళ్ళి పప్పు దించి వచ్చేసరికి పాఠం రాలేదుగానీ సర్టిఫికెట్ వచ్చింది. తొంభై ఎనిమిది శాతమట! సాయంత్రానికి అలాంటివి మూడు పోగయ్యాయి. పిల్లకు చెప్పడానికి మాత్రం ఒక్క ముక్క లేదు.

ఆదివారం మధ్యాహ్నం, ఇక వదిలేద్దామనుకుంటుండగా, ఎక్కడో అడుగున ఒక వీడియో కనిపించింది. మ్యూజిక్ లేదు. పెరట్లో బనీనుతో ఒక పెద్దాయన. ముందు రెండు గ్లాసుల్లో ఎర్రసిరా కలిపిన నీళ్ళు, రెండు తోటకూర కాడలు. ఒకదానికి ఆకులున్నాయి, రెండోదానికి తుంచేశారు. వ్యూస్ ముప్పై.

ఆరే ఆరు నిమిషాలు. ఫ్లోరెన్స్ చేతిలో కాఫీ సంగతి మర్చిపోయి రెండుసార్లు చూసింది. కింద ఫోన్ నంబరుంటే చేసింది. ఆయన తెనాలిలో బోటనీ చెప్పి రిటైరైన వీరరాఘవయ్య.

"మొత్తం చూశారామ్మా? చివరిదాకా?" అని ఆయన నమ్మలేనట్టు అడిగారు. "ఆ ముప్పైలో ఇరవై మా ఆవిడవేనండి."

సోమవారం క్లాసులో కాడలు సిరాలో నిలబెట్టారు. ఎండ తగిలే కిటికీలో పెట్టి, ఆఖరి పీరియడ్‌లో కోసి చూశారు. ఆకులున్న కాడలో ఎరుపు పైదాకా ఎక్కింది. ఆకుల్లేనిదాంట్లో కాస్తంతే పాకింది. ఎండకి ఆకులోంచి ఒక బొట్టు ఆవిరైపోతే, కింది బొట్టు దాని చెయ్యి పట్టుకున్నట్టు పైకి వస్తుందని ఫ్లోరెన్స్ చెప్పింది.

"అయితే మోటారు కింద లేదండీ, పైనుంది!" అని లిఖిత అరిచింది. "ఎండే కరెంటండీ!"

ఆ వారం బాపట్లలో శిక్షణ. అంశం: మంచి ఆన్‌లైన్ పాఠాలను గుర్తించడం. ఫ్లోరెన్స్ ఉత్సాహం పట్టలేక లేచి ఈ వీడియో గురించి చెప్పింది. అధికారులు మెచ్చుకున్నారు. యాప్‌లో పెడతామన్నారు. వీరరాఘవయ్య మురిసిపోయి, అడిగినచోటల్లా సంతకం పెట్టారు.

నెల తిరిగేసరికి ఆరు నిమిషాల పాఠం ఇరవై ఆరు నిమిషాలైంది. జ్యోతి ప్రజ్వలన, సందేశాలు, డ్రోన్ షాట్లు, క్విజ్! తోటకూర కాడలు మెరుపులా వచ్చి వెళ్ళాయి. ఒకే పాఠం రెండుచోట్ల ఉండకూడదని పాతదాన్ని తీయించేశారు.

ఫ్లోరెన్స్ తలవంచుకుని ఆయనకు ఫోన్ చేసింది. "నేనే నోరు జారానండి, మాష్టారూ."

"అదేం లేదమ్మా. ఎలా వచ్చిందో చూద్దామని యాప్‌లోకి వెళ్ళాను. ఉద్యోగి నంబరు అడిగింది. రిటైరయ్యానుగా, లేదన్నాను. ఇది టీచర్లకు మాత్రమేనండి, మీరు చూడకూడదు అందమ్మా."

తర్వాతి ఆదివారం ఫ్లోరెన్స్ పదకొండుమంది పిల్లల్ని వెంటబెట్టుకుని రేపల్లెలో తెనాలి రైలెక్కింది. పెరట్లో మాష్టారు చొక్కా వేసుకుని ఎదురుచూస్తున్నారు.

చూశారా, ఆన్‌లైన్ చదువు ఎంత సులువైపోయిందో! మంచి పాఠం కావాలంటే ఇప్పుడు రైలెక్కితే చాలు.