ముత్యం పోసింది

ఆ ఉదయం జోగేశ్వరరావు పెట్టుకున్నది చిన్న పనే. స్నానం చేసి, రామచంద్రపురంలో మొదటి బస్సెక్కి కాకినాడ చేరుకోవాలి. అక్కడి ఆసుపత్రిలో భార్య సత్యలక్ష్మికి మధ్యాహ్నం గుండె ఆపరేషను. తోడుగా ఆవిడ చెల్లెలు పావని ఉంది. అయినా, "మీరొచ్చి కనబడితేగానీ లోపలికెళ్ళనండి" అని సత్యలక్ష్మి ముందే తెగేసి చెప్పింది. ఆపరేషను భయానికి ఆయనకు రాత్రంతా కంటిమీద కునుకు లేదు. తెల్లవారుజామున పట్టిన కాస్త నిద్రే నిద్ర.

లేచి కాలు కింద పెడితే తడి తగిలింది. ఇది ముత్యం పని. ముత్యం వాళ్ళ కుక్క. సత్యలక్ష్మి ఉండగా ఏనాడూ గడప లోపల తప్పు చేసి ఎరగదు. ఆవిడ వెళ్ళిన దగ్గర్నుంచీ, పెరటి తలుపు తీసి "పోవే, పో!" అని ఎంత గింజుకున్నా కదలదు. తలుపు వెయ్యగానే లోపల కానిచ్చేస్తుంది. ఈసారి సత్యలక్ష్మి పరుపూ దిండూ కూడా వదల్లేదు.

తన ఎరువుల కొట్టు తియ్యమని చెప్పడానికి గుమాస్తా చిట్టియ్యకు ఫోన్ చేశాడు. పొద్దున్నే ఉచ్చ అనే మాట నోటితో అనలేని మర్యాదస్థుడాయన.

"పోసిందయ్యా చిట్టియ్యా," అన్నాడు నీరసంగా.

"ఏంటండీ! ఎప్పుడండీ?"

"తెల్లారగట్ల. అప్పుడే కన్నంటుకుంది, చూళ్ళేదు. పరుపు పారెయ్యాలి, ఇల్లంతా కడుక్కోవాలి. కొట్టు సంగతి నువ్వే చూడు."

చిట్టియ్య చెవిలో 'సి' పడలేదు, 'యి' పడింది. "అయ్యో అమ్మగారూ!" అని అతను ఘొల్లుమన్న సంగతి జోగేశ్వరరావుకు తెలియదు. అప్పటికే ఫోను చెయ్యి జారి ఫినాయిలు బకెట్లో మునిగింది.

చిట్టియ్య కొట్టు మూసేశాడు. ఎందుకని అడిగిన ప్రతివాడూ తన కొట్టూ మూసి వెంట నడిచాడు. వచ్చి చూస్తే ఏముంది? వీధిలో పారేసిన పరుపూ దిండూ. గడప దాకా కడిగిన ఇల్లు. తడితలతో, భుజాన తువ్వాలుతో అరుగు మీద కూలబడ్డ జోగేశ్వరరావు. మనిషి పోయిన ఇంట్లో చెయ్యాల్సినవన్నీ ఆయన ఒంటిచేత్తో చేసేసినట్టే ఉంది.

ఎదురింటి అచ్చాయమ్మ వచ్చి ఆయన తల నిమిరింది. "బంగారంలాంటి మనిషి నాయనా! ఎలా తట్టుకుంటావో ఏంటో!"

జోగేశ్వరరావుకు సత్యలక్ష్మే గుర్తొచ్చింది. తన ఫోను కలవక పావని వీళ్ళకు చెప్పి ఉంటుంది.

"ఎవరు చెప్పారండి?" అన్నాడు.

"ఎవరు చెబితే ఏంటి నాయనా, పోయినావిడ తిరిగొస్తుందా?"

ఆయన పసివాడిలా ఏడ్చాడు. "నేనొస్తేగానీ లోపలికెళ్ళనందండి! నాకోసం చూసి చూసి పోయిందండి! నేనిక్కడ గచ్చు తుడుస్తున్నానండి!" కాళ్ళ దగ్గరికొచ్చి పడుకున్న ముత్యాన్ని పొద్దున్న తిట్టినందుకు కూడా ఏడ్చాడు. బియ్యం కొట్టు ఉదయ్‌భాస్కర్, సత్యలక్ష్మిని తీసుకురావడానికి కారు తెచ్చి వాకిట్లో ఆపాడు.

అప్పుడు చిట్టియ్య ఫోను మోగింది. పావని పేరు చూసి స్పీకరు నొక్కాడు.

"చిట్టియ్యా, అయ్యగారి ఫోను కలవట్లేదు. పక్కనున్నారా?" అంది సత్యలక్ష్మి గొంతు.

ఏడుపులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జోగేశ్వరరావు వెక్కుతూనే అరుగు మీంచి లేచి ఫోను దగ్గరికొచ్చాడు.

"ఇంకా పడుకునే ఉన్నారా? డాక్టర్లు ఒకటే తొందరపెడుతున్నారు. ఏవండీ, లేవండి! బయటికి రండి!"

ముత్యం చివాలున లేచింది. జనం కాళ్ళ మధ్యనుంచి పెరట్లోకి పరుగెత్తి, జామచెట్టు మొదట్లో బుద్ధిగా పని కానిచ్చుకుని వచ్చి, తోకాడించింది.

సత్యలక్ష్మి రోజూ మంచం పక్కన నిలబడి పిలిచే పిలుపదే. వినగానే జోగేశ్వరరావు దుప్పటి ముసుగు పెట్టేవాడు. లేచి ఆవిడ వెంట బయటికి వెళ్ళేది ముత్యం.

కారెక్కబోతూ ఆయన అచ్చాయమ్మకు కుక్కను అప్పగించి, సిగ్గుపడుతూ చెవిలో చెప్పాడు. "పేరు పెట్టి పిలిస్తే కదలదండి. 'ఏవండీ' అనాలండి."

దారిలో భయం మళ్ళీ పట్టుకుంది. ఆపరేషను ఇంకా మిగిలే ఉంది. ఆవిడ క్షేమంగా ఇంటికొచ్చి ఒక్కసారి 'ఏవండీ' అంటే చాలు, ముత్యం కంటే ముందు తనే లేస్తాడు. అవసరమైతే జామచెట్టు దాకా కూడా వెళ్తాడు.