మేపుల్ బెండ్ వీధికి చెవుడు

మా మేపుల్ బెండ్ వీధి మొత్తానికి చెవుడు పట్టుకుందని పోలీస్ చీఫ్ క్రాబ్‌ట్రీ గారు సిటీ హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. పక్కన జెండా, వెనక మేయరు, ముందు బోలెడు మైకులు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి తనకు తిండి సయించడం లేదని కూడా చెప్పారు. అమెరికాలో ఇన్ని ఊళ్ళున్నాయి, ఊరికో చీఫ్ ఉన్నాడు. ఒక వీధి చెవుల గురించి ఇంతగా బెంగపెట్టుకున్న అధికారిని మాత్రం నేనెక్కడా చూడలేదు.

మా చెవుడు ఎలా బయటపడిందో చెప్పాలి. మా ఎదురింట్లో వెండెల్ స్టౌట్ అని, స్కూలు బస్సు నడిపి రిటైరైన పెద్దమనిషి ఉండేవాడు. వెనక గదిలో ఎర్రదీపాల కింద కౌజు పిట్టల గుడ్లు పొదిగించడం ఆయన సరదా. పోలీసులు హెలికాప్టర్ ఎక్కి, వేడిని కనిపెట్టే కెమెరాతో ఊరంతా గాలిస్తుంటే ఆ గది ఒక్కటీ నిప్పుకణికలా కనపడింది. ఇంట్లో దీపాల వేడి పెట్టి గంజాయి పెంచుతున్నాడని తేల్చేశారు. తలుపు తట్టకుండానే లోపలికి పోవచ్చని జడ్జి గారు వారంటు ఇచ్చారు. చెత్తబండి వచ్చే రోజు పొద్దున, మేమంతా చెత్తడబ్బాలు వీధిలోకి లాక్కొస్తున్న వేళ, వాళ్ళొచ్చి తలుపు బద్దలుకొట్టి వెండెల్‌ని కాల్చి చంపారు.

ఆయన చేతిలో గుడ్డు ఉంది. పోలీసు ప్రకటనలో దాన్ని 'విసరడానికి అనువైన గుండ్రటి వస్తువు' అన్నారు. అందులో అబద్ధం ఏముందో ఎవరైనా చెప్పమనండి.

ఇల్లంతా వెతికితే గంజాయి దొరకలేదు. పిట్టలు దొరికాయి. వాటిని అదుపులోకి తీసుకున్నారు.

పేపరువాళ్ళు ఊరుకుంటారా? తలుపు పగలగొట్టే ముందు పిలిచారా లేదా అని పట్టుకున్నారు. మూడుసార్లు తట్టి, పోలీసులమని అరిచి మరీ వెళ్ళారని చీఫ్ గారు చెప్పారు. మరి తట్టనక్కర్లేని వారంటు ఎందుకు తీసుకున్నారని ఒకమ్మాయి అడిగింది.

"అవసరమై తట్టడంలో గొప్పేముందమ్మా?" అన్నారాయన. "అవసరం లేకపోయినా తట్టాం చూశారూ, అదీ సంస్కారం."

నేను చప్పట్లు కొట్టాను. ఇంకెవరూ కొట్టకపోవడంతో కాస్త మొహమాటపడి ఆపేశాను.

చిక్కంతా మాతోనే వచ్చింది. చెత్తడబ్బాలతో వీధిలో ఉన్న వాళ్ళం అందరం, తలుపు విరిగిన చప్పుడు తప్ప ఏమీ వినలేదని చెప్పాం. అయితే పోలీసులు అబద్ధమైనా ఆడుతుండాలి, మాకు చెవుడైనా ఉండాలి. పోలీసులు అబద్ధమాడరు కాబట్టి మిగిలినవి మా చెవులే. వెంటనే ఫైర్ స్టేషన్లో ఉచిత చెవి పరీక్షల శిబిరం పెట్టారు. ఈ కాల్పుల మీద వేసిన విచారణ కమిషన్ కూడా ఒక నియమం పెట్టుకుంది: ఆ పరీక్ష పాసైన వాళ్ళ సాక్ష్యమే రికార్డుకెక్కుతుంది.

వెండెల్ భార్య ఆర్లీన్ నన్ను వాకిట్లో ఆపింది. ఆ పొద్దున తలుపుకి నాలుగడుగుల దూరంలో, వంటింట్లో టిఫినుకి వాఫుల్స్ వేస్తున్న మనిషి ఆవిడ.

"ఎల్బర్ట్, పోలీసులమని తెలిసి కూడా ఆయన ఎదురుతిరిగాడని కమిషన్ రిపోర్టులో రాస్తారట," అంది. "ఊళ్ళో సగంమంది పిల్లలు ఆయన బస్సెక్కి బడికి పోయినవాళ్ళే. వాళ్ళంతా అదే చదువుకుంటారు. ఎవరూ తట్టలేదు, ఎవరూ పిలవలేదు అన్న నా ఒక్క ముక్క అందులో ఎక్కాలి. నాకింకేం వద్దు."

"నీ చెవులకేం, భేషుగ్గా ఉన్నాయి. పాసైపోతావులే," అన్నాను.

పరీక్షకు ఆ రోజు అరిచిన అరుపే కావాలి. పోలీసుల ఒంటి మీది కెమెరాలు ఆ రోజు బ్యాటరీ ఆదా కోసం ఆపేశారట కాబట్టి, ఆ అరుపును మళ్ళీ అరిపించి రికార్డు చేయించాలని చీఫ్ గారు నిర్ణయించారు. లోకల్ రేడియో స్టేషన్లో ఆ పని జరుగుతుంటే నేను అక్కడే ఉన్నాను. పియానోలకు శ్రుతి చెయ్యడం నా వృత్తి, ఆ స్టేషన్ పియానో బాధ్యత నాదే. ఆ రోజు వెళ్ళిన దళమంతా తుపాకులతో సహా మైకు ముందు నిలబడింది.

రికార్డింగ్ కుర్రాడు, "ఆ రోజు ఎలా అన్నారో అలాగే అనండి సార్," అన్నాడు.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దళాన్ని నడిపిన సార్జెంటు, "ఏమనాలి?" అని అడిగాడు.

కుర్రాడే ఒక కాగితం మీద రాసిచ్చాడు. తట్టడానికి చెక్క ముక్క కూడా తెచ్చిచ్చాడు. ఒకాయన అలవాటుకొద్దీ దాన్ని విరగ్గొట్టాడు, ఇంకోటి తెచ్చారు. నాలుగైదు ప్రయత్నాల తర్వాత అరుపు బ్రహ్మాండంగా వచ్చింది.

"అరిచాక కాస్త ఖాళీ వదలాలి సార్," అన్నాడు కుర్రాడు. "విన్నవాళ్ళు బటన్ నొక్కడానికి. ఒక మనిషి లేచి వచ్చేంత సేపు."

"అంతసేపా?" అన్నాడు సార్జెంటు. నిజంగానే తెలియక అడిగాడు. "అంతసేపు అక్కడ నిలబడి ఏం చెయ్యాలి?"

శిబిరంలో నా వంతు వచ్చింది. ఫైర్ ఇంజన్ల పక్కన చెక్క గది కట్టించారు. లోపల కుర్చీ, బల్ల మీద ఎర్ర బటన్. అరుపు వినపడగానే నొక్కాలి. చాలాసేపు కూర్చున్నాను. ఏమీ రాలేదు. బయటికొచ్చి, మిషను పనిచేస్తోందా అని డాక్టరమ్మని అడిగాను. ఆవిడ తల దించుకుంది. చీఫ్ గారే ఓపిగ్గా వివరించారు.

"ఆ రోజు మీకెంత వినపడిందో సరిగ్గా అంతే పెట్టించామండీ."

"ఆ రోజు నాకేమీ వినపడలేదు కదండీ."

"అందుకే సున్నాలో పెట్టాం. ఎక్కువ పెడితే మీకు అన్యాయం చేసినట్టు అవుతుంది."

వీధిలో అందరం వరసగా ఫెయిలయ్యాం. చెవుడు సర్టిఫికెట్, చెవి మిషను, పోలీసు శాఖ బొమ్మ ఉన్న కాఫీ కప్పు ఇచ్చారు. రేడియో స్టేషనువాళ్ళు ఆ వారమే నన్ను మాన్పించి వేరే వాణ్ణి పెట్టుకున్నారు. సిటీ సర్టిఫికెట్ ముందు నా చెవులెంత?

శిబిరం ఆఖరి రోజు ఆర్లీన్ వచ్చింది. చర్చికి వేసుకెళ్ళే గౌను వేసుకుంది. పేపరువాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. ఆ అరుపు మాకూ వినిపించండి అని అప్పుడు వారంటు గురించి అడిగిన అమ్మాయే అడిగింది. తన కుర్రాళ్ళ గొంతుల మీద చీఫ్ గారికి ఎంత మురిపెమంటే, గది లోపలికీ బయటికీ లౌడ్ స్పీకర్ పెట్టించి పూర్తిగా పెంచమన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మోతకి సమాధిలో వాడైనా బటన్ నొక్కుతాడు.

ఆర్లీన్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. చెక్క మీద దబదబా మూడు దెబ్బలు. ఫైర్ ఇంజన్ అద్దాలు అదిరాయి.

"పోలీసులం. వారంటు ఉంది. తలుపు తియ్యండి."

తర్వాత ఖాళీ. అది ఎంతకీ తెగలేదు. కెమెరాలన్నీ బటన్‌కి కలిపిన ఎర్ర బల్బు మీదే ఉన్నాయి. అది వెలగలేదు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది, అడుగులు వినపడ్డాయి.

"వస్తున్నా, వస్తున్నా," అంది ఆర్లీన్.

తలుపు తీసింది. గడప మీద నిలబడి, గౌనుకి చేతులు తుడుచుకుంటూ మా అందరి మొహాలూ చూసింది. లౌడ్ స్పీకర్లో ఖాళీ ఇంకా నడుస్తూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

చీఫ్ గారు డాక్టరమ్మ వైపు వంగారు.

"బటన్ నొక్కిందా?"

"లేదండీ."

"పాపం," అన్నారాయన. "రాసుకోండి. ఈవిడకీ వినపడలేదు."