మిగిలిన ఆకు

ఆషాఢమంతా కొత్త పెళ్లాం పుట్టింట్లో ఉంటే మగవాడికి కాలు ఒకచోట నిలవదు. ఉదయగిరి మాలకొండయ్యకు చేతులు కూడా నిలవలేదు. ఇంట్లో ఊడదీయడానికి ఇక మిగిలింది బండి ఒక్కటే. ధాత నామ సంవత్సరపు కరువులో కూడా అమ్మకుండా నిలుపుకున్న బండి అది.

శ్రావణం వచ్చింది. గురువారం ఆత్మకూరు చేరి పెళ్లాం పెంచలమ్మను ఎక్కించుకు రావాలి. తప్పితే మరునాడు శుక్రవారం, ఆడపిల్లను గడప దాటనివ్వరు. ఆపైన శ్రావణం పూజలు ముగిసేదాకా పంపేది లేదని మామ చెంచురామయ్య ముందే కబురు పెట్టాడు. బుధవారం ఉదయం చూస్తే బండి చక్రంలో ఒక ఆకు, అదే నడిమి కుండకూ అంచుకూ మధ్య ఉండే కర్ర, వదులై కదులుతోంది.

వడ్రంగి నారాయణాచారి వచ్చి చక్రం తట్టి చూశాడు. "కొత్త ఆకు చెక్కాలంటే తుమ్మ మొద్దు ఇంకా పచ్చిగా ఉండాది. నాలుగు దినాలు ఆగు."

"నాలుగు దినాలా! నేను రేపు ఆత్మకూరులో ఉండాల."

"అట్టయితే నడిచిపో."

నారాయణాచారి ఏ పనికైనా నాలుగు దినాలే అంటాడు. అవి ఎప్పుడు మొదలవుతాయో మాత్రం చెప్పడు. మాలకొండయ్య ఒళ్లు మండి సుత్తి అందుకున్నాడు.

తల్లి ఓబమ్మ పరుగున వచ్చి అడ్డం నిలిచింది. "ఒరే, గడియ బాగుచేస్తానని తలుపే ఊడదీసినావు. ఈపొద్దుటికీ కుక్కలు నట్టింట్లోకి వస్తుండాయి. వడ్లాయన్నే బతిమాలుకోరా!"

"తలుపు ఏరు, చక్రం ఏరు అమ్మా."

చక్రం అంచు చుట్టూ ఉన్న ఇనుప పట్టా ఊడదీసి వదులైన ఆకును కొడితే పక్కది వదులైంది. దాన్ని కొడితే దాని పక్కది. కాసేపటికి అక్కడ చక్రం లేదు, వంటచెరుకు ఉంది. చెమటలు కక్కుతూ మళ్లీ కూర్చాడు. చివరికి ఒక ఆకు మిగిలింది.

"ఇదేందిరా?"

"ఆచారి ఎక్కువ ఏసినాడులే."

ఇక ఇనుప పట్టాను కాల్చి ఎక్కించాలి. వడ్రంగి అయితే నలుగురిని సాయం పిలుస్తాడు. మాలకొండయ్య ఎవరినీ పిలవలేదు. వాకిట్లో పిడకలు పేర్చి మంట పెట్టి, ఎర్రగా కాలిన పట్టాను చక్రం మీద వేశాడు. చక్రం అంటుకుంది. కుండెడు నీళ్లు పోస్తే సగం తన నెత్తినే పడ్డాయి. పొగకు కళ్ల వెంట నీళ్లు కారుతుండగా మరో కుండ భుజాన పెట్టుకుని బావి దగ్గర నుంచి వస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే పొరుగింటి వెంకమ్మ తొంగిచూసింది. తడిబట్టలు, భుజాన కుండ, కన్నీళ్లు, వాకిట్లో పిడకల మంట. పొగకు తాళలేక లోపలికి పోయిన ఓబమ్మ ఎక్కడా కనబడలేదు. వెంకమ్మ ఏమీ అడగలేదు. అలాంటివి అడగడం మర్యాద కాదు కదా! ఆత్మకూరు పోయే జట్కాను ఆపి, "మాలకొండయ్య తల్లి పోయిందని చెప్పు నాయనా. పెంచలమ్మను ఎంటనే రమ్మను" అని కబురు పెట్టింది.

సాయంకాలం మాలకొండయ్య ఎడ్లు కట్టాడు. బండి వాకిలి దాటింది గానీ చక్రం దాటలేదు. ఇనుప పట్టా మాత్రం ఒంటరిగా వీధి చివరిదాకా దొర్లిపోయింది. ఇంకో నెల పెళ్లాం లేని ఇల్లు తలుచుకుని మాలకొండయ్య ఈసారి నిజంగానే ఏడ్చాడు.

తెల్లవారి, నడిచైనా పోదామని సద్దిమూట కట్టుకుంటుండగా వీధిలో బండి చప్పుడు, వెనకే శోకాలు. "నన్నిడిచి యాడికి పోయినావు అత్తో!" అంటూ పెంచలమ్మ దిగింది. ఎదురుగా ఓబమ్మ చల్ల చిలుకుతోంది.

"యాడికి పోతానే, తలుపు లేని కొంప ఇడిచి?"

బండి తోలుకొచ్చిన చెంచురామయ్య ముఖం కందగడ్డ అయింది. "చావు కబురు పెట్టి నా బిడ్డను ఏడిపిస్తారా? ఏడుస్తా వచ్చిన పిల్ల ఇంట్లో కాలు పెట్టకూడదు. ఎక్కమ్మా బండి! శ్రావణం పోయినాక పంపిస్తా."

పెంచలమ్మ కదలకుండా మొగుడి వైపు చూసింది. మొగుడు మామ బండి వైపు చూశాడు. రాత్రంతా రాళ్లదారిన తోలిన బండి. చక్రంలో ఒక ఆకు వదులై ఉంది. తన చేతిపని విలువ మాలకొండయ్యకు మొదటిసారి తెలిసివచ్చింది.

"ఈ చక్రం ఊరు దాటదు మామా. ఆచారి నాలుగు దినాలంటాడు. నేనైతే మజ్జాన్నానికే బిగిస్తా. ఆకు కూడా నాకాడ ఒకటి మిగిలుండాది."

"నీకు చేతనవునా?"

"అమ్మనడుగు."

ఓబమ్మ కోడలి ముఖం చూసి కవ్వం ఆపింది. "మావోడు చెయ్యి పెట్టిన వస్తువు మునుపటి మాదిరి ఉండదన్నా. నా మాట నమ్ము."

మాలకొండయ్య సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బ వినపడగానే పెంచలమ్మ మూట దించుకుని లోపలికి నడిచింది.

విడిపోయిన ఆ చక్రానికి ఆచారి నాలుగు దినాలు మొదలే కాలేదు. శ్రావణం ముగిసేదాకా ఆ తలుపు లేని ఇంట్లో కుక్కల్ని అదిలించే పని చెంచురామయ్యకే పడింది.