సుద్దముక్కతో గీసిన మహానగరం

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడు చెబుతాను. ఇవ్వరా? సరే, ఎలాగూ మా మామగారు ఈపాటికి సగం ఊరికి చెప్పేసి ఉంటారు. ఆయన నోట వినేకన్నా నా నోట వినడమే నా పరువుకు కాస్త మంచిది.

నా ఉద్యోగం మీకు తెలిసిందే, ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. ఆఫీసు మా ఇంటికి పది నిమిషాల నడక. మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసి, బాల్కనీలో పడక కుర్చీలో నలభై నిమిషాలు కునుకు తీసి, మళ్ళీ వెళ్ళి గీతలు గీస్తాను. నేను ఆ కునుకు కోసమే బతుకుతున్నానని మా ఆవిడ అంటుంది. అందులో అబద్ధం లేదు.

మా ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కంపెనీలో పదకొండేళ్ళుగా గుడ్డ కత్తిరిస్తోంది. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. పోయిన నెల ఆ కంపెనీ వాళ్ళు మహానగరంలో కొత్త శాఖ పెడుతున్నామనీ, దానికి ఆవిడే పెద్దగా ఉండాలనీ అన్నారు. ఉండడానికి ఇల్లు కూడా వాళ్ళే చూసి, దాని ప్లాను పంపించారు. పది రోజుల్లో అవునో కాదో చెప్పాలి.

"ప్లాను చదవడం మీ పనే కదా. ఇల్లెలా ఉందో చూసి చెప్పండి," అని కాగితం నా చేతిలో పెట్టింది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

"ఇల్లా ఇది? అగ్గిపెట్టె!" అన్నాను.

"అగ్గిపెట్టెలో యాభై పుల్లలు సర్దుకుంటాయి. మనం ముగ్గురమే," అంది. మూడో పుల్ల మా మామగారు.

"అక్కడ కాఫీ ఇక్కడికి మూడింతల ధర. బస్సులో గంటంబావు నిలబడాలి."

"జీతం రెట్టింపు."

"ప్రశాంతత?"

"ఉన్న ప్రశాంతతంతా మీ కుర్చీలోనే పడుకుంటోంది. ఇక్కడ మాత్రం నాకు మిగిలిందేముంది?"

మాటల్లో ఆవిణ్ణి గెలిచిన మొగాడు ఇంకా పుట్టలేదు. అందుకే చేతలకు దిగాను. "వాదనెందుకు? ఆ ఇంటిని ఇక్కడే నేలమీద గీస్తాను. ఒక వారం ఆ గీతల్లో, ఆ ధరలతో, ఆ ఊళ్ళో ఉన్నట్టే ఉందాం. బావుంటే సరేనను," అన్నాను. మూడోరోజుకే కాళ్ళబేరానికి వస్తుందని నా ధీమా.

సుద్దముక్క తీసుకుని గీశాను. వంటింట్లో రెండడుగులు, పడకగదిలో అడుగున్నర నొక్కేశాను. బాల్కనీ అసలు గీయనే లేదు. ఇన్నేళ్ళు గీతలు గీసినవాడికి ఆ మాత్రం చేతివాటం ఉండదా?

మా మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై రెండేళ్ళు "రైట్ రైట్" అనీ అనీ, ఇప్పుడు అన్నం చాలా అంటే కూడా "రైట్ రైట్" అంటారు. మా వీధిలో అంతా ఆయన్ని రైట్‌రైట్ మామగారనే పిలుస్తారు. గీతలు చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి. పెట్టె అడుగునుంచి పాత విజిల్ తీశారు. గీత దాటిన కాలికల్లా ఒక విజిల్.

"మరి బస్సు సంగతి?" అన్నాను, మా ఆవిడ వైపు జాలిగా చూస్తూ. "రోజూ పొద్దున్నే గంటంబావు నిలబడాలి మరి."

"నా కొత్త పని ఆ ఇంటి వెనక సందులోనేనండీ. నడిచి వెళ్తాను," అంది. "ఆఫీసులన్నీ ఊరి నడిబొడ్డునే కదా, మీకు ఎక్కడ పని దొరికినా బస్సెక్కాల్సింది మీరే."

బస్సు కమ్మీకి బదులు మామగారు హాల్లో బట్టలారేసే తాడు కట్టారు. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో లంచ్ బాక్సు పట్టుకుని నిలబడ్డాను.

"ముందుకు జరగాలి, ముందుకు జరగాలి!" అన్నారు మామగారు.

"ముందు గోడుంది మామయ్యగారూ."

"ఈ మాట నాకు ముప్పై రెండేళ్ళలో వేలమంది చెప్పారు అల్లుడుగారూ. జరిగితే జాగా అదే వస్తుంది."

జరిగాను. జాగా రాలేదు, నుదుటిమీద బొప్పి వచ్చింది.

కాఫీ మూడింతల ధర కాబట్టి గ్లాసులో మూడో వంతే పోశారు. మా ఆవిడకీ మామగారికీ కాఫీ అలవాటు లేదు. ఆ సంగతి పథకం వేసేటప్పుడు నాకు తట్టలేదు. ఆఫీసు దూరమైపోయింది కాబట్టి మధ్యాహ్నం ఇంటికి రావడం రద్దు. సాయంత్రమైనా కాసేపు నడుం వాలుద్దామంటే, బాల్కనీ గీత అవతల ఉంది. అటు కాలు పెట్టగానే విజిల్. నా గీత నేనే గీసుకున్నాను, ఎవర్నని ఏం లాభం?

మా ఆవిడ మాత్రం ఈలలు వేసుకుంటూ తిరుగుతోంది. "ఊడ్చే జాగా సగమైంది. ఏ గిన్నె కావాలన్నా చెయ్యి చాస్తే అందుతోంది. ఇప్పుడు మీరు కూడా అందుతున్నారు. ఈ ఉల్లిపాయలు తరగండి."

నాలుగోరోజు పొద్దున బస్సు సగం దారిలో ఉండగా మా ఆఫీసరు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"రోజూ గంటంబావు ఆలస్యం! పది నిమిషాల దూరంలో ఉండి ఎక్కడ ఇరుక్కుపోతున్నావయ్యా?"

"బస్సులోనండీ," అన్నాను.

మామగారు విజిల్ ఊదారు. "ఎవరయ్యా అది, కదిలే బస్సెక్కేది? దిగు దిగు!"

ఆఫీసరు హడలిపోయి తాడు పట్టుకున్నాడు. ఆయన బరువుకి తాడు పుటుక్కుమంది. దానిమీద ఆరేసిన తడి దుప్పట్లు, ఆఫీసరు, నేను, లంచ్ బాక్సులోని పప్పు, అంతా ఒకచోట పడ్డాం. "బస్సు బోల్తా! ఎవరూ కంగారు పడొద్దు!" అని మామగారు కేకలు. నిజానికి కంగారు పడ్డది ఆయనొక్కరే.

దుప్పటి కిందనుంచి బయటపడ్డాక ఆఫీసరు కథంతా విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"మహానగరం వెళ్ళడానికి ఇంత సాధన దేనికయ్యా? అక్కడ మన శాఖ ఉంది, అడిగితే బదిలీ ఇస్తానని నీకు రెండుసార్లు చెప్పానే!"

"రెండుసార్లా?" అంది మా ఆవిడ, చాలా మెల్లగా. నేను ఒంటిమీది పప్పు తుడుచుకునే పనిలో పడ్డాను.

ఆదివారానికి వారం పూర్తయింది. పోయిన పరువు ఎలాగూ పోయింది, కుర్చీనైనా దక్కించుకుందామని చివరి ప్రయత్నం చేశాను. "చూశావుగా. ఈ ఇరుకులో మనుషులు బతుకుతారా?"

ఆవిడ మెడలోంచి టేపు తీసింది.

"మొదటిరోజు మీరు బస్సులో ఉన్నంతసేపూ నేను కొలతలు తీశాను. వంటింట్లో రెండడుగులు, పడకగదిలో అడుగున్నర. ఏమయ్యాయి?"

"కుట్లలోకి పోయాయేమో," అన్నాను.

"కుట్లకి అంత పోతే అది చొక్కా కాదు, జేబురుమాలు."

"మొదటిరోజే తెలిస్తే అప్పుడే అడగొచ్చుగా?"

"ఎందుకడుగుతాను? మీరు నొక్కేసిన ఇంట్లోనే నాకు వారం హాయిగా గడిచింది. అసలు ఇల్లు దీనికన్నా పెద్దదేగా!"

ఆవిడ మళ్ళీ అంది, ఈసారి నవ్వకుండా. "పదకొండేళ్ళు ఎవరో గీసిన గీతమీద కత్తెర నడిపాను. ఒక్కసారి గీత నేను గీస్తానంటే, మీకు కునుకు గుర్తొచ్చిందా?"

నిజంగా సిగ్గేసింది. నేలకేసి చూద్దామంటే అక్కడా నా గీతలే.

సుద్దముక్క నా చేతిలో పెట్టి, "ఇప్పుడు ప్లానులో ఉన్నది ఉన్నట్టు గీయండి. బాల్కనీతో సహా," అంది.

గీశాను. మామగారు ఈడ్చుకొచ్చి నా పడక కుర్చీ అందులో వేశారు. అటు వేలెడు, ఇటు వేలెడు వదిలి సరిగ్గా పట్టింది. నా కుర్చీ జాగాని నేనే మింగేశానన్నమాట. ఆనందం పట్టలేక, "అయితే వెళ్దామోయ్! రేపే సరేనని చెప్పెయ్!" అని అరిచాను.

"నిన్ననే చెప్పేశాను," అంది.

సరే, కుర్చీ అయినా దక్కిందని వెళ్ళేసరికి మామగారు అందులో కాళ్ళు చాపుకుని ఉన్నారు. "అక్కణ్ణుంచి మధ్యాహ్నం మీరు ఇంటికి రాలేరుగా అల్లుడుగారూ. ఖాళీగా ఉంచడమెందుకు? రైట్ రైట్," అని కళ్ళు మూసుకున్నారు.

వచ్చే వారం సామాన్ల లారీ వస్తుంది. ఈలోగా అలవాటు తప్పకూడదని మామగారి ఆజ్ఞ. రోజూ తెల్లారకుండానే లేచి, కొత్త తాడు పట్టుకుని గంటంబావు నిలబడుతున్నాను. విజిల్ మాత్రం ఆయన నా కుర్చీలోంచి లేవకుండానే వేస్తున్నారు.