వెనక్కి వెళ్లే పైపు

ఆ శనివారం ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు స్టార్ట్ చేయాలి, భార్యనీ అత్తమామల్నీ ఎక్కించుకుని ఊళ్లో ఓ చుట్టు తిప్పాలి, కొత్త పంపు సత్తా చూపించి భేష్ అనిపించుకోవాలి. కిందటి ఆదివారమే అతను పాత పెట్రోలు పంపు తీసేసి, అంతకంటే బలమైన దాన్ని తన చేతులతో బిగించాడు. అతనిది బీమా ఆఫీసులో ఉద్యోగం. ఏ నష్టం ఎవరి తప్పు వల్ల జరిగిందో తేల్చడం పని. ఊరందరి తప్పులూ తేల్చీ తేల్చీ, తనకూ ఒకటి ఉండొచ్చన్న సంగతి మరిచిపోయాడు. ఇంట్లో రిపేరుకు దిగితే చేతికి ఏదందితే అదే పనిముట్టు. భార్య జడపిన్నులు, వంటింటి గరిటెలు, మామగారి పళ్ల బ్రష్షు అన్నీ కారు కిందికి వెళ్లినవే, తిరిగొచ్చినవి తక్కువ.

కారు స్టార్టయింది. వెంటనే వెనకనుంచి నల్లటి పొగ లేచి, తీగమీద ఆరేసిన దుప్పట్లమీద వాలింది. పెట్రోలు ప్రెషరు చూపించే మీటరు ముల్లు ఎర్రగీత దాటి అక్కడే కూర్చుంది. సరిగ్గా అప్పుడే అత్తగారు పెట్టె పట్టుకుని బయటికొచ్చింది.

"కారు తీశారుగా అల్లుడుగారూ. షికారు సంగతి తర్వాత. నన్ను మా అక్కయ్యగారింట్లో దింపేయండి."

"ఎన్నాళ్లకి అత్తయ్యగారూ?"

"నా బిరడా దొరికేదాకా. లేదా తీసినవాళ్లు ఒప్పుకునేదాకా."

తీసినవాళ్లంటే మామగారు. ఆయన రిటైరైన లైబ్రేరియన్. ఉద్యోగం చేసినన్నాళ్లూ 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద నోరు మూసుకుని కూర్చుని, ఆ లోటంతా ఇప్పుడు నిద్రలో భర్తీ చేసుకుంటున్నాడు. ఆ గురక తట్టుకోలేక అత్తగారు చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టుకుంటుంది. ప్రతి ఆదివారం వాటిని కడిగి, కారు నిలిపేచోటు పక్కనే ఉన్న కిటికీ గట్టుమీద ఆరబెడుతుంది. కిందటి ఆదివారం వాటిలో ఒకటి మాయమైంది. అప్పట్నుంచీ ఆవిడకి ఒక చెవి నిద్రపోతే రెండోది మేలుకుంటోంది.

"నేను తీయలేదని వారంనుంచీ చెబుతున్నానుగా" అన్నాడు మామగారు.

"గాలికి ఎగిరిపోయిందంటారా? రెండోది ఎందుకు ఎగరలేదో?"

భార్య అల్లుణ్ణి పక్కకి లాగింది. "ఏమండీ, అమ్మ ఒకసారి వెళ్లిందంటే పెద్దమ్మ ఇప్పట్లో పంపదు. అమ్మ లేకపోతే నాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోతారు. కారు బాగవకపోయినా ఫర్లేదు, ముందు వాళ్లిద్దర్నీ బాగుచేయండి."

రెండూ చేస్తానన్నాడు అల్లుడు. ముందు పంపు అమ్మిన కొట్టువాడికి ఫోన్ చేసి దులిపేశాడు.

"పంపులో ఏమీ ఉండదు సార్" అన్నాడు కొట్టువాడు. "ఇంజను తాగగా మిగిలిన పెట్రోలు ట్యాంకులోకి వెనక్కి వెళ్లే పైపు ఒకటుంటుంది. అక్కడ అడ్డముంటే ప్రెషరు పెరుగుతుంది. దాన్ని ఊడదీసి కొస డబ్బాలో పెట్టి చూడండి. ముల్లు దిగితే గొడవ ఆ పైపుదే."

"అది నేనే బిగించానండీ" అన్నాడు అల్లుడు. ఆ మాటతో పైపు విచారణ ముగిసింది.

పైపు వదిలేసి, ప్రెషరు అదుపుచేసే రెగ్యులేటరు తెచ్చి మార్చాడు. ఈసారి పొగ గోడ దాటింది. పక్కింటి పెద్దాయన ఇల్లు అంటుకుందనుకుని, గోడమీంచి బకెట్టు నీళ్లు విసిరాడు. అవి కారుమీద పడలేదు. అత్తగారి పెట్టెమీద పడ్డాయి.

"నా ప్రయాణం చెడగొట్టడానికి ఆయనకి మీరే చెప్పారు కదూ" అంది అత్తగారు భర్తతో. తడిసిన చీరలు పిండుకుంటూ మళ్లీ పెట్టెలో కుక్కింది. "తడి చీరలతోనే వెళ్తాను. కారు కాకపోతే బస్సు."

ఇక లాభం లేదని అల్లుడు మామగారిని వరండాలో స్టూలుమీద కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టాడు.

"ఆవిడ బిరడాలు పెట్టుకుంటే మీకు చిన్నతనంగా ఉండేది కదా మామయ్యగారూ?"

"ఉండేది."

"ఆదివారం ఆ కిటికీ దగ్గరే పేపరు చదివారు కదా?"

"చదివాను. మీరు కారు కింద ఉన్నారు."

"నా సంగతి కాదండీ, మీ సంగతి చెప్పండి. ఇలాంటి కేసులు రోజూ చూస్తాను. ఒక్కమాట ఒప్పేసుకుంటే ఆవిడ చల్లబడతారు. లేదంటే బస్సెక్కుతారు, మీ ఇష్టం."

మామగారు తల తిప్పి గేటువైపు చూశాడు. అత్తగారు నీళ్లోడుతున్న పెట్టెతో చెప్పులు వేసుకుంటోంది.

"నేనే పారేశాను" అన్నాడు నెమ్మదిగా. "తప్పయిపోయింది."

అత్తగారు అరవలేదు. చెప్పులు విప్పి మెట్టుమీద కూర్చుంది. "బాధగా ఉందని ఒక్కమాట చెబితే మానేసేదాన్ని కదండీ" అని కళ్లొత్తుకుంది.

ఒక కేసు తేలింది. ఆ ఊపులోనే రెండోదీ తేల్చేద్దామనుకున్నాడు అల్లుడు. కొట్టువాడి మాట తప్పని అందరిముందూ రుజువు చేయడానికి కారు కిందికి దూరి, వెనక్కి వెళ్లే పైపు ట్యాంకు దగ్గర ఊడదీసి, కొస డబ్బాలో పెట్టి, స్టార్ట్ చేయమని భార్యకి చెప్పాడు.

ఇంజను తిరిగింది. పైపు ఒక్క క్షణం బిగుసుకుని, దగ్గి, డబ్బాలోకి ఏదో ఉమ్మింది. దాని వెనకే పెట్రోలు ధారగా వచ్చింది.

"ఏమండీ, ముల్లు దిగింది" అంది భార్య సంతోషంగా.

డబ్బాలో నారింజరంగు స్పాంజి ముక్క ఒకటి ఉబ్బి తేలుతోంది. అల్లుడికి ఆదివారం మొత్తం గుర్తొచ్చింది. ఊడదీసిన పైపులోంచి పెట్రోలు ముక్కుమీద కారడం, కారు కిందనుంచి సగం బయటికొచ్చి ఒక చెయ్యి చాచి కిటికీ గట్టు తడమడం, మెత్తగా తగిలినదాన్ని పైపులో కుక్కడం. తర్వాత దాన్ని తీయకుండానే పైపు బిగించేశాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ కారు కిందనుంచి ఇక ఎప్పటికీ బయటికి రాకుండా ఉంటే బాగుండుననిపించింది. కానీ అప్పటికే డబ్బా చుట్టూ మూడుజతల కాళ్లు నిలబడి ఉన్నాయి.

"ఇది నాది కదూ" అంది అత్తగారు. తర్వాత భర్తవైపు తిరిగింది. "మరి మీరెందుకు ఒప్పుకున్నారు?"

"అల్లుడుగారు అంత నమ్మకంగా అడుగుతుంటే, నేనే తీశానేమోనని నాకే అనుమానం వచ్చింది" అన్నాడాయన. తడిసిన పెట్టెవైపు చూస్తూ, "నువ్వు వెళ్లిపోతావేమోనని కూడా" అన్నాడు.

అత్తగారు ఆయన చొక్కాకి అంటిన మసి కొంగుతో తుడిచింది.

అల్లుడు పాక్కుంటూ బయటికొచ్చాడు. "మామయ్యగారూ, నన్ను..." అని మొదలుపెట్టాడు. నేరం చేసింది తను, విచారించింది తను, శిక్ష అనుభవించింది ఆ పెద్దమనిషి. మామగారు అతని భుజంమీద చెయ్యి వేసి, "పంపు మాత్రం బాగా పనిచేస్తోందండీ" అన్నాడు. అల్లుడికి చెంపదెబ్బ అయినా ఇంత గట్టిగా తగిలేది కాదు.

తీర్పు అత్తగారు చెప్పింది. కొత్త బిరడాలు వచ్చేదాకా ఆవిడ కూతురి గదిలో పడుకుంటుంది. అల్లుడు మామగారి గదిలో పడుకోవాలి. మిగిలిన ఒక్క బిరడానీ ఆవిడే కడిగి, ఆరబెట్టి, అతని చేతిలో పెట్టింది.

రెండో చెవికి బిరడా ఎందుకు లేదో అతను ఎవర్నీ విచారించలేదు.