భూతద్దం మేడమ్ వీడ్కోలు

ఆ ఉదయం భూతద్దం మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం వీడ్కోలు సభలో అందరినీ కడిగి పారేసి, సాయంత్రానికి రిటైరై ఇంటికి వెళ్ళిపోవడం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే జుట్టు నెరిసిన మనిషి. తప్పు ఎక్కడ దాక్కున్నా పట్టేస్తుందని ఆఫీసు ఆ పేరు పెట్టింది. పట్టినందుకు మెచ్చుకున్న పాపాన మాత్రం పోలేదు.

ఏ పనైనా ముందు ఉత్తుత్తిగా చేసి చూడనిదే ఆవిడకి తోచదు. లోపాలు నమోదు చేసే పోర్టల్‌కి ప్రాక్టీసు కోసం ఒక నకలు ఉంది. ఉపన్యాసాన్ని అందులో టైపు చేసి చూసుకుంది. ‘బస్సు టికెట్ బటన్ రెండుసార్లు నొక్కితే రెండు టికెట్లు వస్తున్నాయని మొత్తుకున్నాను. అలా ఎవరు నొక్కుతారన్నారు. ఊరంతా అలాగే నొక్కింది. ముందే ఎందుకు పట్టుకోలేదని నన్ను నిలబెట్టి అడిగారు.’ ఇలా కడుపులో ఉన్నదంతా, ఒక్కో కోపాన్ని ఒక్కో లోపంగా రాసి పారేసింది.

తీరా చూస్తే అది నకలు కాదు, అసలు పోర్టల్.

ప్రోగ్రామర్లు వాటిని చదవలేదు. చదివే అలవాటు వాళ్ళకి ఎప్పుడూ లేదు. టికెట్ల కోపానికి ‘మా కంప్యూటర్లలో రావడం లేదు’ అని రాసి మూసేశారు. విజయోత్సవాల ఫొటోలకి టెస్టర్లని పిలవరన్న కోపానికి ‘డిజైనే అంత’ అన్నారు. ఒక్కసారైనా థాంక్స్ చెప్పలేదన్నదానికి ‘వచ్చే వెర్షన్‌లో చూద్దాం’ అని జవాబొచ్చింది. ఒళ్ళు మండి ఆవిడ అన్నీ మళ్ళీ తెరిచింది. వాళ్ళు మూశారు. ఆవిడ తెరిచింది.

ఆవిడ సీటు దగ్గరే సభ మొదలవబోతుండగా సిబ్బంది విభాగం నుంచి కబురొచ్చింది. తాను తెరిచిన లోపం ఒక్కటి మూయకుండా మిగిలినా టెస్టర్‌ని రిలీవ్ చేయడానికి వీల్లేదట. మేనేజరు గుండెల్లో రాయి పడింది. ఆవిడ కుర్చీని ఆయన అప్పటికే తన బావమరిదికి ఇచ్చేశాడు. ఆ బావమరిది లంచ్ బాక్సుతో సహా వచ్చి కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు.

"వెళ్ళేముందు ఈ రభస ఎందుకమ్మా, అన్నీ క్లోజ్ చేసెయ్యండి."

"సరిచెయ్యందే ఎలా మూస్తాను సార్? తప్పు మాదేనని అందరి ముందూ చెప్పండి, మూసేస్తాను."

మేనేజరు బావమరిది వంక చూశాడు. గొంతు సవరించుకుని, తప్పు తమదేనన్నాడు. అది ఆవిడ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ వినాలనుకున్న మాట. ఆవిడ కళ్ళు చెమర్చాయి కూడా. కానీ మౌసు మీదకి వెళ్ళిన వేలు అక్కడే ఆగిపోయింది.

"ఒకసారి పనిచేస్తే పనిచేసినట్టు కాదు సార్. ఇంకోసారి చెప్పండి."

చెప్పాడు. ప్రోగ్రామర్ల వైపు తిరిగి చెప్పమంది. చెప్పాడు. కూర్చుని చెప్పమంది. పళ్ళు బిగించి చెప్పాడు. ఫోను మోగుతుండగా ఒకసారి చెప్పి చూపించమనేసరికి, "నీకేమైనా పిచ్చా?" అని బల్ల గుద్దాడు.

ఆవిడ తాపీగా కళ్ళజోడు సర్దుకుని, క్షమాపణ ఒత్తిడిని తట్టుకోవడం లేదని పోర్టల్‌లో ఇంకో లోపం నమోదు చేసింది.

మర్నాడు యథాప్రకారం ఆఫీసుకొచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆవిడ పదవీ విరమణ ఇంకా టెస్టింగ్‌లోనే ఉంది.