తప్పు చుక్కకు బాణం

ఆ రోజుకి టోకుజీ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే కంప్యూటర్లో ఫొటోలు చూసుకోవడం, నాలుగు మెతుకులు తినడం, భార్య సుమియెతో తోటకు వెళ్లి పియర్ పిందెలకు పురుగు పట్టకుండా కాగితం సంచులు తొడగడం.

పందొమ్మిదేళ్లుగా అతని పొద్దులన్నీ ఇలాగే మొదలవుతున్నాయి. పెరట్లోని టెలిస్కోపు గెలాక్సీలను వరసగా ఫొటోలు తీసి ఉంచుతుంది. అతను ఒక్కొక్కదాన్నీ పాత ఫొటో పక్కన పెట్టి, కొత్త చుక్క ఉందా అని వెతుకుతాడు. ఉంటే, ఎక్కడో ఒక నక్షత్రం పేలిందన్నమాట. దాన్నే సూపర్‌నోవా అంటారు. ఇన్నేళ్లలో ఒక్కటి కూడా అందరికంటే ముందు అతని కంట పడలేదు. అయినా ఒక్క పొద్దు మానలేదు, ఒక్క తప్పుడు కబురు పంపలేదు. టోకుజీ చెప్పాడంటే చూడాల్సిందేనని టోక్యోలో పెద్ద చదువుల వాళ్లు అనుకుంటారు. అతను సంపాదించుకున్నది ఆ పేరొక్కటే.

ఆ పొద్దున కొత్త చుక్క కనిపించింది.

"సుమియే! ఇట్రా!"

"పొయ్యి మీద పులుసుంది."

"దించేసి రా!"

ఆవిడ వచ్చి తెరలోకి తొంగి చూసింది. "ఇదేనా? ఇంత బుల్లిదా?"

"అదే అనుకుంటా. గంట తర్వాత తీసిన ఫొటో ఇంకా కంప్యూటర్లోకి ఎక్కుతోంది, అదీ చూడాలి. అందాకా ఎవరికీ చెప్పకు."

"నేనెవరికి చెప్తానండీ!" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లి ఎర్రగింజల అన్నం వండడం మొదలుపెట్టింది. ఆ ఊళ్లో శుభం జరిగితే తప్ప ఆ అన్నం ఎవరూ వండరు. సుమియె నోరు విప్పలేదు గానీ, వాసన గోడ దాటింది. వాడకు పెద్ద అయిన హిరోసె గోడ మీంచి తల పెట్టాడు.

"ఏమమ్మా, మనవడా?"

"కాదండీ, చుక్క."

"ఆ ఫొటో నాకు పంపించు. మేయరు గారికి చూపించొద్దూ!"

సుమియె పంపిన ఫొటో హిరోసె చేతి మీదుగా టౌన్ ఆఫీసుకు చేరింది. అక్కడ ఓనుకి అనే ఉద్యోగిని ఉంది. తన బల్ల మీద పని నిలవుంటే ఆమెకు అన్నం సహించదు. జూడోలో ఎవరి పిల్లాడు గెలిచినా ఆఫీసు గోడకు నిలువెత్తు బ్యానర్ వేలాడదీయించేది ఆమే. ఫొటో చేతికందగానే ప్రెస్సుకు పంపింది, బడి బ్యాండు పిల్లలను పిలిపించింది, పత్రికలకూ టోక్యోకూ కబురు పెట్టింది.

టోకుజీ రెండో ఫొటో తెరిచాడో లేదో ఫోను మోగింది. అవతల టోక్యోలో ఎక్స్‌రే ఉపగ్రహం నడిపే శాస్త్రవేత్త.

"అభినందనలండీ! ఉపగ్రహాన్ని అటు తిప్పమంటారా? తిప్పితే ఇప్పుడు జరుగుతున్న పని చెడుతుంది. మీరు ఊ అంటే చాలు."

టోకుజీ తెర వైపు చూశాడు. గంటలో చుక్క పక్కకు జరిగింది. నక్షత్రం అలా నడవదు. అది దారిన పోతున్న గ్రహశకలం.

ఊ అనడం ఎంత సేపు! పందొమ్మిదేళ్ల ఆశ గొంతు దాకా వచ్చింది.

"వద్దండీ," అన్నాడు. "అది సూపర్‌నోవా కాదు. ఇంకా సరిచూడకముందే కబురు మీదాకా వచ్చింది. తప్పు మా ఇంటిదే."

ఫోను పెట్టేసి, ఫొటో టౌన్ ఆఫీసుకు వెళ్లిందని సుమియె చెప్పగానే సైకిలెక్కాడు. ఆఫీసు ముందు జనం. అతన్ని చూడగానే బ్యాండు అందుకుంది. గోడకు రెండంతస్తుల బ్యానర్, దాని మీద గెలాక్సీ, ఎర్ర బాణం.

"ఏమయ్యా టోకుజీ, పెళ్లికొడుకు ఇప్పుడా వచ్చేది!" అన్నాడు హిరోసె.

"ఆపండి! ముందు ఆ బాణమే తప్పు. నేను చూసిన చుక్క అది కాదు, ఈ పక్కది!"

ఓనుకి గబగబా ముందుకొచ్చింది. నడుము విరిగేలా వంగి, "క్షమించండి! ఏది మీ చుక్కో కనుక్కోకుండానే ప్రెస్సు వాళ్లను నేనే తొందరపెట్టాను. ఇప్పుడే సరిచేయిస్తాను," అని మిగతా మాట వినకుండా పరుగెత్తింది.

"అసలు ఆ పక్కది కూడా సూపర్‌నోవా కాదు. గ్రహశకలం," అన్నాడు టోకుజీ మెల్లగా. ఊదుతున్న బూర ఒకటి సగంలో ఆగిపోయింది. అతను అందరికీ వంగి నమస్కరించి, తల ఎత్తి మళ్లీ బ్యానర్ వైపు చూశాడు.

బాణం మొనన నిజంగానే ఒక చుక్క ఉంది. కంప్యూటర్ తెర మీద గెలాక్సీ నడిమి వెలుగులో కలిసిపోయింది గానీ, గోడంత పెద్దదయ్యేసరికి పళ్లెమంత కనిపిస్తోంది. ఆ గెలాక్సీ అతనికి సొంత పెరడు లాంటిది. అక్కడ ఎప్పుడూ చుక్క లేదు.

సైకిలు ఇంటికి ఎగిరింది. పాత ఫొటోల్లో ఆ చుక్క లేదు. కొత్తవి రెంటిలోనూ ఉంది, వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"తిప్పండి," అన్నాడు ఫోనులో ఆయాసపడుతూ.

"ఇందాక వద్దన్నారు కదండీ?"

"ఇందాకటిది నాకు దొరికింది. ఇది మా టౌన్ ఆఫీసుకు దొరికింది."

అవతల నవ్వు. "ఇందాక మీరు వద్దన్నారు కాబట్టే, ఇప్పుడు ఇంకేమీ అడగను. తిప్పుతున్నాం."

చిలీలో అప్పటికి రాత్రయింది. అక్కడి టెలిస్కోపు చూసి, సూపర్‌నోవాయే అంది. సాయంత్రానికి ఉపగ్రహానికి ఎక్స్‌రేలు కూడా అందాయి. కనిపెట్టినవారి పేర్ల దగ్గర టోకుజీ తన పేరుతో పాటు ఓనుకి పేరూ రాసి పంపాడు.

ఆ మాట చెబుదామని సుమియెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఓనుకి చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చి, "చూడండి, మీరు చెప్పినట్టే సరిచేయించాను!" అంది.

గోడకు కొత్త బ్యానర్ వేలాడుతోంది. పాతది అప్పటికే చించేశారు. ఈసారి బాణం ఏ పొరపాటూ లేకుండా గ్రహశకలాన్ని చూపిస్తోంది.